కోపానికో గీత, చూపుకో గీత

మా అత్తగారు మంగతాయారు కోపం ఎంతటిదో ఆత్రేయపురంలో ఎవర్నడిగినా చెబుతారు. కానీ దాన్ని అంకెల్లో చెప్పగలిగింది ప్రపంచం మొత్తంలో నేనొక్కదాన్నే. ఆవిడ ఎడమ కంట్లో, కట్టు కింద, రాజమండ్రిలోని మా ప్రయోగశాలలో తయారైన లెన్సు ఉంది. కంటి తడిలో కార్టిసాల్ ఎంతుందో అది నిమిషనిమిషానికీ నాకు పంపిస్తుంది. మనిషి కంగారు పడ్డా, భయపడ్డా, మండిపడ్డా ఒంట్లో ఊరే హార్మోను అది. నా తెర మీద అదొక ఎర్ర గీత. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ గీత తాటిచెట్టంత లేచేది. నాలుగుంపావుకల్లా మళ్ళీ నేలకి దిగేది.

నాలుగింటికి ఏమిటంటే, ఆవిడ తోటికోడలు సీతారత్నం ఫోన్ చేసేది.

"వినీలా, ఆ ఫోన్ ఆపించండి" అన్నారు మా డైరెక్టర్ డాక్టర్ నజీర్ గారు, ఐదో రోజున. "రోజుకో యుద్ధం జరుగుతోంది ఆ కంట్లో."

"ఆపితే అంతకన్నా పెద్ద యుద్ధం నాతో జరుగుతుంది సార్" అన్నాను.

ఆయనకి నవ్వొచ్చిందిగానీ నవ్వలేదు. మేం చేస్తున్న పని నవ్వులాట కాదు. ఆరిపోయిన కంట్లో కొత్తగా చూపు మొలిపిస్తున్నాం. మనిషి మీద ఇదే మొదటిసారి.

ఇదంతా మొదలైంది మా అత్తగారి నోటి మాటతోనే. ఎనిమిదేళ్ళ కిందట, నేను కొత్తకోడలిగా ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, ఆవిడా సీతారత్నం అత్తయ్యా పెరటి పాకలో చెరో కుండ ముందు కూర్చుని పూతరేకులు తీస్తున్నారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పలచటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద ఇలా పరిచి అలా లాగితే చాలు, ఉల్లిపొర కన్నా పలచటి రేకు వచ్చేస్తుంది. మా అత్తగారు చూడకుండానే తీసేస్తోంది. చూడకుండా ఏమిటి, ఆవిడకి కనపడదు. మేనరికం చేసుకున్న తల్లిదండ్రులకి పుట్టిన పిల్ల. చిన్నప్పుడే రేచీకటి పట్టుకుంది. నలభై దాటేసరికి ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో మధ్యన గొట్టంలోంచి చూసినంత మేర మాత్రం మిగిలింది. ఎదుటి మనిషి ముక్కు చూస్తే కళ్ళు కనపడవు, కళ్ళు చూస్తే నోరు కనపడదు.

"ఎడంపక్కకి జరుగక్కా, చెయ్యి కాల్తాది" అంటోంది సీతారత్నం.

"నలభయ్యేళ్ళ నించీ కాలని చెయ్యి ఇప్పుడు కాల్తాదంటే? నీ కుండ నువ్వు చూస్కో" అంటోంది మా అత్తగారు. అంటూనే ఎడంపక్కకి జరిగింది.

ఆ రోజు మాటల్లో మాటగా నాతో అంది. "ఇదిగో అమ్మాయ్, నువ్వేదో కళ్ళ చదువు చదివేవంటగా. గణపతి నా కడుపులో ఉన్న ఆఖరి ఆర్నెల్లూ దీపాలెట్టే వేళ కూడా పెరట్లోకి ఒక్కదాన్నే ఎల్లొచ్చేదాన్ని. ఆడు బయటికొచ్చాక మళ్ళీ నాకు చీకటి పడిపోయింది. ఇదేం విడ్డూరమో నీ పుస్తకాల్లో ఉందా?"

పక్కనే ఉన్న నా మొగుడు గణపతి మొహం మాడిపోయింది. ఆ మాట అతను పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు. అమ్మ చూపు తనే పట్టుకుపోయానని లోపల్లోపల నమ్మేశాడు కూడా. నేను మాత్రం చేతిలో రేకు చేతిలోనే ఉండగా లేచి నిలబడ్డాను. నా పుస్తకాల్లో అది లేదు.

కడుపుతో ఉన్న మనిషిలో ప్రొజెస్టిరాన్ అనే స్టెరాయిడ్ హార్మోను వరదలా పారుతుంది. కంటి లోపలి పొర, రెటీనా కూడా తన అవసరానికి దాన్ని ఇంత చేసుకుంటుంది. చచ్చిపోబోయే వెలుతురు కణాలకి అదొక ఊతం. సరే, ఉన్నవి నిలబడతాయి. మరి పోయినవో? ఎనిమిదేళ్ళు పట్టింది మాకు. రెటీనాలో వెలుతురు కణాలతో బాటు, వాటిని ఇంటికి స్తంభాల్లా నిలబెట్టే మరో రకం కణాలు ఉంటాయి. ఆ హార్మోను రూపం కొంచెం మార్చి నువ్వుగింజలో సగమంత గుళికలో పెట్టి కంట్లో ఉంచితే, ఆ స్తంభాల్లో కొన్ని చిగిర్చి వెలుతురు కణాలుగా మారాయి. కుందేళ్ళలో మారాయి. నేనూ నజీర్ గారూ ఆ రోజు మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయాం.

అయితే పద్దెనిమిది కుందేళ్ళలో తొమ్మిదింటికే ఆ చూపు నిలిచింది. మిగతా తొమ్మిదీ జనరేటరు గది పక్కన ఉన్నవి. ఆ రొదకి వాటి ఒంట్లో కార్టిసాల్ పెరిగి, లేత కణాల్ని మాడ్చేసింది. ఒక స్టెరాయిడ్ మొలకెత్తిస్తే ఇంకో స్టెరాయిడ్ తుంచేసింది. అందుకని నియమం పెట్టుకున్నాం. గుళిక వేసిన మనిషికి నలభై రోజులు రెండు కళ్ళకీ కట్టు. నలభై రోజులు కోపం, దుఃఖం, బెంగ ఉండకూడదు.

అలాంటి నియమానికి మొదటి మనిషిగా మంగతాయారు గారు దొరకడం నా ఖర్మ. బంధువు కాబట్టి కాగితాల మీద నేను సంతకాలు చెయ్యకూడదని, పక్కనుండి చూసుకోవచ్చని ఇలాంటి ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ చెప్పింది. "పోయిన కంటికి ఇంకా పోయేదేముంది, వెయ్యండి" అని ఆవిడే వేలిముద్ర కాదు, చక్కగా సంతకం పెట్టింది. సంతకం గీత దాటి బల్ల మీదకి వెళ్ళింది.

పన్నెండో రోజు ఉదయం నా తెర మీద రెండో గీత కదిలింది. అది పచ్చ గీత. లెన్సు లోంచి కంట్లోకి మిణుగురంత మెరుపు పంపి, రెటీనా ఎంత స్పందించిందో కొలిచే గీత. పదకొండు రోజులు సున్నా మీద పడుకుని ఉంది. ఆ ఉదయం మూడు. మధ్యాహ్నానికి ఐదు. లెన్సు పాడయిందనుకుని యంత్రం ఆపి మళ్ళీ పెట్టాను. ఆరు.

"సార్" అని నేను పిలిచిన పిలుపుకి నజీర్ గారు టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చారు. తెర చూశారు. గ్లాసు వంకర తిరిగి టీ అంతా కీబోర్డు మీద పోతున్నా ఆయనకి తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా చచ్చిన కన్ను, మెరుపుకి జవాబిస్తోంది. నేను పక్కనే అత్తగారిని ఉంచిన చీకటి గదిలోకి పరుగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. సంతోషం ఆపుకోలేక ఏడుపొచ్చింది.

"ఏంటమ్మాయ్, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అంది ఆవిడ.

"మీ కన్ను మొలకెత్తిందత్తయ్యగారూ."

ఆవిడ కట్టు మీద వేళ్ళు ఆనించింది. "సీతకి చెప్పకు" అంది. "నేనే చెప్తాను. ముందు దాన్ని కాసేపు ఏడిపించి చెప్తాను."

సాయంత్రం నాలుగింటికి ఎర్ర గీత తాటిచెట్టు దాటి పోయింది. నాలుగుంపావుకి దిగింది. ఇద్దరూ ఏడ్చారని నాకు తరవాత తెలిసింది.

ముప్ఫయ్యో రోజుకి పచ్చ గీత నలభై ఒకటికి చేరింది. ఇరవై దాటితే ఏదో ఒక చూపు ఉన్నట్టు. నలభై దాటితే మనిషి సందె వెలుగులో దారి చూసుకుని నడవగలగాలి. నేను నేల మీద నడవడం మానేశాను. ముప్ఫై ఒకటో రోజు నాలుగయింది. ఫోన్ రాలేదు.

ఐదింటికి గణపతి వచ్చి నన్ను వరండాలోకి లాగాడు. సీతారత్నం పిన్నికి తెల్లవారుజామున తలలో నరం చిట్లిందని, కాకినాడ ఆసుపత్రిలో ఉందని చెప్పాడు. "అమ్మకి తెలియకూడదు. తొమ్మిది రోజులే కదా. పిన్ని ఫోన్ నీళ్ళలో పడిందని చెప్పేద్దాం."

నేనూ ఒప్పుకున్నాను. ఈ కథలో నా తప్పు అదే. జబ్బు మనిషికి చెడు కబురు చెప్పకూడదన్నది మనలో పుట్టుకతో వచ్చిన సైన్సు. దాని ముందు నేను పదహారేళ్ళు చదివిన సైన్సు నోరెత్తలేదు.

"ఫోన్ నీళ్ళలో పడిందా" అంది అత్తగారు. "ఊళ్ళో ఇంకో ఫోన్ లేదా?" మేం ఏదో చెప్పాం. ఆవిడ ఇంకేం అడగలేదు. మా అత్తగారు అడగకుండా ఊరుకుందంటేనే నాకు తెలియాల్సింది.

ఆ రోజు నుంచి ఎర్ర గీత నాలుగింటికి లేవలేదు. నడుం ఎత్తుకి లేచి, అక్కడే నిలబడిపోయింది. రాత్రీ పగలూ అక్కడే. పచ్చ గీత నలభై ఒకటి నుంచి ముప్ఫై ఎనిమిదయింది. తరవాత ముప్ఫై మూడు. ముప్ఫై నాలుగో రోజు ఉదయానికి ఇరవై ఏడు.

ఆ ఉదయం పదింటికి గణపతి మళ్ళీ వచ్చాడు. అతని మొహం చూడగానే తెలిసిపోయింది. "పిన్నిని ఆత్రేయపురం తీసుకెళ్తున్నారు. నాలుగింటికి ఎత్తేస్తారట. అమ్మ వస్తుందా అని బాబాయి అడుగుతున్నాడు, ఏం చెప్పను? వినీలా, ఆరు రోజులు ఆగితే చాలు. నా వల్ల ఒకసారి పోయిన చూపు మళ్ళీ నా నోటి మాటతో పోగొట్టలేను."

నజీర్ గారు కూడా తల ఊపారు. "కుందేళ్ళని చూశాంగా. ఇప్పుడింత దుఃఖం మీద పడితే మిగిలిన ఇరవై ఏడూ సాయంత్రానికి ఉండవు."

నేను తెర మీద ముప్ఫై నాలుగు రోజుల రెండు గీతల్నీ ఒకదాని కింద ఒకటి పరిచాను.  ముప్ఫై రోజులు, రోజుకో తాటిచెట్టు. ముప్ఫై తగాదాలు. వాటిలో ఒక్కదాని తరవాత కూడా పచ్చ గీత ఒక్క అంకె తగ్గలేదు. తగ్గడం మొదలైంది తగాదాలు ఆగాకనే.

"సార్, జనరేటరుకి దూరంగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో కుందేళ్ళకి మేత ఎవరు పెట్టేవారు?"

"మన అప్పన్న. బకెట్ నేలకేసి కొట్టి మరీ పెట్టేవాడు, మూడు పూటలా. కుందేళ్ళు ఎగిరిపడేవి. ఎన్నిసార్లు తిట్టానో" అని ఆయన ఆగిపోయారు.

"రోజుకి మూడుసార్లు ఎగిరిపడ్డ కుందేళ్ళ చూపు నిలిచింది సార్. పోయినవి జనరేటరు పక్కవి. ఆ రొద ఆగేది కాదు. లేచి దిగే హార్మోను ఈ కణాల్ని ఏమీ చెయ్యదు. దిగకుండా నిలబడిపోయిందే చంపేస్తోంది. కోపం కాదు సార్, కక్కలేని బెంగ. మేం దాచిపెట్టిందే ఆవిడ కంట్లో జనరేటర్."

నజీర్ గారు కుర్చీలో కూర్చుని రెండు గీతల్నీ చాలాసేపు చూశారు. "నువ్వు చెప్పింది నిజం కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఉన్నది ఒక్క మనిషి లెక్క" అన్నారు. తరవాత అన్నారు, "కన్ను ఆవిడది. ఆవిడ్నే అడుగుదాం."

గణపతి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. అయినా తలుపు తీశాను.

చీకటి గదిలో మంచం మీద అత్తగారు నిటారుగా కూర్చుని ఉంది. "చెప్పండి" అంది, మేం నోరు తెరవకముందే. "సీత పోయిందా?"

నేను అవునన్నాను.

"మూడ్రోజుల్నించీ చూత్తన్నాను, ఎవళ్ళు చెప్తారా అని. నా మీద కోపమొత్తే అది ఇంకో రెండుసార్లు ఎక్కువ ఫోన్ చేత్తాది గానీ మానేసే మనిషి కాదు. నాకు తెలీదనుకున్నారా?" మంచం పట్టె మీద అరచేత్తో కొట్టింది. "నేనేమన్నా మట్టిబొమ్మనా? నా చెల్లెలు చావు నాకు దాచిపెడతారా? నీ చదువు తగలెయ్యా, నీకెవరిచ్చారే ఆ హక్కు?"

తిట్టింది. నన్ను, కొడుకుని, నజీర్ గారిని, కుందేళ్ళని కూడా తిట్టింది. కట్టు తడిసేలా ఏడ్చింది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని తిట్లన్నీ పడ్డాను. అన్నీ నాకు రావాల్సినవే. చేతిలో టాబ్లెట్ మీద ఎర్ర గీత తెర అంచు దాటిపోయింది.

అలిసిపోయాక అంది. "నేనెల్లి దాన్ని చూడాలి. ఈ కన్నుతో." ఎడమ కంటి మీద వేలు పెట్టింది.

"కుడి కట్టు విప్పుతామమ్మా. కుడికంటితో చూడండి, దానికి ప్రమాదం లేదు" అన్నారు నజీర్ గారు.

"కుడికంట్లో దాని మొహం ముక్కలు ముక్కలుగా అవుపడద్ది డాక్టరుగారూ. నా తోటికోడల్ని మొత్తం ఒక్కసారిగా చూసి పదకొండేళ్ళయింది. కడసారి చూపు కూడా ముక్కలుగానే చూడమంటారా?"

"ఆరు రోజుల ముందు విప్పితే ఆ కన్ను పోవచ్చు. ఇప్పుడే సగం వాడిపోయింది."

"పోతే పోనీండి. దాన్ని చూడ్డానికి పనికిరాని కన్ను ఇంకెందుకు పనికొత్తాది?"

పన్నెండున్నరకి అంబులెన్సు బయల్దేరింది. ధవళేశ్వరం బ్యారేజీ మీద గాలి కొడుతోంది. అత్తగారు నా భుజానికి ఆనుకుని, సీతారత్నం కొత్తకోడలిగా వచ్చిన రోజు కుండ పగలగొట్టిన సంగతి చెబుతోంది. మధ్యలో ఏడుస్తోంది, మధ్యలో తిడుతోంది. నేను టాబ్లెట్ మీంచి కళ్ళు తియ్యలేదు. బొబ్బర్లంక దగ్గర ఎర్ర గీత వంగింది. పులిదిండి దాటేసరికి నడుం కిందకి దిగింది. ఇంకా దిగుతోంది. మూడు రోజుల తరవాత మొదటిసారి అది నేల తాకింది. పచ్చ గీత ఇరవై ఏడు దగ్గర ఆగి ఉంది.  నజీర్ గారికి చూపించాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు.

లేత కంటికి ఎండ తగలకూడదని నేను దారిలోనే ఫోన్ చేసి చెప్పడంతో, ఇంట్లో వాళ్ళు మేం వెళ్ళేసరికి హాలు కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపులు మూసి ఉంచారు. లోపల వెలుగు ఒక్కటే, సీతారత్నం తల దగ్గర పెట్టిన దీపం. చావింటి ఆచారం ప్రకారం పెట్టిన ఆ ఒక్క ప్రమిదే మాకు కావలసినంత వెలుగు. ఎండలోంచి లోపలికొచ్చిన నాకు ముందు ఏమీ కనపడలేదు. గోడలు తడుముకుంటూ నడిచాను. మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో దగ్గు వినపడితే తెలుస్తోంది.

అత్తగారిని దీపం ముందు కూర్చోబెట్టాం. నజీర్ గారు ఎడమ కంటి కట్టు ఒక్కటే పొర వెనక పొర విప్పి, రెండు వేళ్ళతో లెన్సు సర్దారు. నెల రోజులుగా చీకటికే అలవాటు పడ్డ ఆ కన్ను తెరుచుకుంది.

 ఆవిడ తల కదపలేదు. ఇదివరకు ఎవరి మొహం చూడాలన్నా నుదుటి నుంచి గడ్డం దాకా తలాడిస్తూ వెతుక్కునే మనిషి. ఇప్పుడు కదలకుండా చూస్తోంది. కనపడక కదలడం లేదా, కనపడి కదలడం లేదా? 

"ఎవళ్ళు పెట్టార్రా ఈ బొట్టు?" అంది మంగతాయారు గారు.

హాల్లో గుసగుస ఆగిపోయింది.

"రూపాయి కాసంత పెట్టుకునేది అది. పెసరగింజంత పెడతారా? ముత్తైదువుగా పోయిన మనిషికి బొట్టు పెట్టడం రాదా మీకు? కుంకం భరిణ ఇలాగివ్వండి." ఎవరో భరిణ అందించారు. ఆవిడ వేలు ముంచి, తడుముకోకుండా, నేరుగా తోటికోడలి నుదుటి మధ్య గుండ్రంగా దిద్దింది. చెంప నిమిరింది. "ఎంత పెద్దదానివైపోయావే సీతా" అని అప్పుడు ఏడ్చింది.

ఎర్ర గీత తాటిచెట్టంత లేచింది. పచ్చ గీత ఇరవై ఏడు దగ్గరే ఉంది. చూస్తుండగా ఇరవై ఎనిమిదయింది. నజీర్ గారు చీకట్లో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

అత్తగారు కన్నీళ్ళు తుడుచుకుంది. చూపు ఇంకా సీతారత్నం మొహం మీదే ఉంది. తల ఇసుమంత కూడా తిప్పలేదు. అలా చూస్తూనే, మెల్లగా అంది.

"ఆ ఎడంపక్క గోడకి నక్కి నుంచున్నావేంట్రా గణపతీ?"

నేను అటు తిరిగి చూశాను. నాకు చీకటి తప్ప ఏమీ కనపడలేదు. ఆ చీకట్లోంచి అతని వెక్కిళ్ళు మాత్రం వినిపించాయి.

"ఏడవకు. నా కళ్ళు నువ్వు పట్టుకుపోలేదు, నేనేదో మాటవరసకి అనేదాన్ని. కాళ్ళ దగ్గర చెంబుంది, తన్నుకోకుండా ఇలా రా. వచ్చి పిన్నికి దణ్ణం పెట్టుకో."